క్యాన్సర్ తగ్గింది, మళ్లీ అదే పనికి పోవచ్చా?

తిరుపతి స్విమ్స్‌లాంటి ఆసుపత్రుల్లో కీమో, రేడియేషన్ ముగించుకుని ఇల్లు చేరేవాళ్లలో ఎక్స్‌రే టెక్నీషియన్లు ఉంటారు, క్యాన్సర్ వార్డు నర్సులుంటారు, కుప్పం వైపు గ్రానైట్ రాయి కోసేవాళ్లుంటారు. కాస్త కోలుకోగానే అందరికీ ఒకటే టెన్షన్: మళ్లీ ఆ పనికే పోతే జబ్బు తిరగబెడుతుందేమో! చుట్టాలైతే ఉద్యోగం మానెయ్యమంటారు. ఆ మాట అనేముందు, ఆ పనిలో ఒంటికి ఎంత తగులుతోంది, దాన్ని ఎవరైనా కొలుస్తున్నారా అని అడగాలి.

ఎక్స్‌రే గదిలో కొలుస్తారు. టెక్నీషియన్ ఛాతీ మీద, సీసం ఏప్రన్ లోపల, టీఎల్‌డీ అనే రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉంటుంది. అందులోని చిన్న బిళ్లలు తగిలిన రేడియేషన్‌ను దాచుకుంటాయి. సాధారణంగా మూడు నెలలకోసారి ల్యాబ్‌కు పంపితే అక్కడ వేడిచేస్తారు. బిళ్ల వెలుగుతుంది, ఆ వెలుగును బట్టి డోసు తేలుతుంది. మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను లెక్కగట్టే కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఎలాగూ ఏటా సగటున 2.4 అందుతుంది. అడ్డుగోడ వెనక నిలబడి బటన్ నొక్కే టెక్నీషియన్‌కు పనివల్ల తగిలేది చాలాసార్లు అంతకూడా ఉండదు. క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే ఎక్స్‌రేలో చూస్తూ గుండె రక్తనాళాలకు చికిత్స చేసే గదిలో, రోగి పక్కనే నిలబడేవాళ్ల లెక్క వేరు.

థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. అందులోని అయోడిన్-131 రేడియేషన్ సగానికి తగ్గడానికి 8 రోజులు పడుతుంది. తొందరపడి డ్యూటీలో చేరితే బ్యాడ్జి వాళ్ల ఒంట్లోంచి వచ్చేదాన్ని కూడా కొలిచేస్తుంది. చికిత్సలో పడిన డోసును ఉద్యోగపు డోసులో కలపరు కాబట్టి, ఎప్పుడు చేరాలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని అడగడం మేలు. క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జన్యువులో పుట్టుకతోనే లోపం ఉన్నవాళ్లు మాత్రం ఈ రేడియేషన్ పని గురించి డాక్టరుతో విడిగా మాట్లాడుకోవాలి.

నర్సులు కలిపే సైక్లోఫాస్ఫమైడ్ క్యాన్సర్ మందే, క్యాన్సర్ తెప్పించగలదని రుజువైన పదార్థాల జాబితాలోనూ ఉంది. ఆ జాబితా చెప్పేది రుజువు ఎంత గట్టిదన్నదే, ప్రమాదం ఎంత పెద్దదన్నది కాదు. సేఫ్టీ క్యాబినెట్‌లో, సరైన గ్లవ్స్‌తో కలిపితే ఒంటికి చేరేది బాగా తగ్గుతుంది.

నాకు ఎక్కువ దిగులు రాయి కోసేవాళ్ల గురించే. గ్రానైట్ దుమ్ములోని సిలికా కూడా అదే జాబితాలో ఉంది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయే రేణువులు కంటికి కనబడవు, మూతికి కట్టిన తువ్వాలు వాటిని ఆపలేదు. బ్లియోమైసిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లకూ, ఛాతీకి రేడియేషన్ పడినవాళ్లకూ ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని ఉండొచ్చు. పైగా ఇక్కడ మెడలో ఏ బ్యాడ్జీ ఉండదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు వెళ్లినప్పుడు ‘కూలి పని’ అని ఊరుకోకుండా, పొడి కోతా, నీళ్లు పోస్తూ కోసేదా, బట్టల మీది దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదుకుంటారా అన్నది డాక్టరుకు విడమరిచి చెప్పాలి. పొడి కోతే అయితే, మనిషిని మాన్పించే ముందు ఆ మిషన్‌కు నీళ్ల పైపు పెట్టించమని యజమానిని అడగాలి.