శత్రువు చేతికి చిక్కుతుందని తెలిసే కట్టిన కోట

1683 జులై 14న ఒట్టోమన్ సైన్యం వియన్నాను చుట్టుముట్టింది. వజీరు కారా ముస్తఫా పాషా దాడికి ఎంచుకున్నది రాజప్రాసాదం వైపు గోడ. అక్కడ బుర్గ్, లోబెల్ అనే రెండు బురుజులు, వాటి నడుమ గోడ ఉన్నాయి. ఆ గోడకు ముందు, అగడ్తలో విడిగా నిలిచిన ముక్కోణపు కట్టడం ఒకటి ఉంది. ఇలాంటి దాన్ని రావెలిన్ అంటారు. ఈ ఒక్కదాన్ని పూర్తిగా వశం చేసుకోవడానికి ముట్టడిదారులకు దాదాపు ఏడు వారాలు పట్టింది.

ఫిరంగులు బలపడకముందు కోటకు ఎత్తే రక్ష. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదో చార్లెస్ ఇనుప గుండ్లు పేల్చే ఫిరంగులతో ఇటలీలోకి దిగాక, ఎత్తు గోడ గురి పెట్టడానికి వీలైన లక్ష్యంగా మారిపోయింది. ఇటలీ ఇంజనీర్లు గోడల ఎత్తు తగ్గించి, మందం పెంచి, లోపల మట్టి నింపారు. గుండ్రటి బురుజు పాదం దగ్గర శత్రువు దాక్కోవడానికి చోటు దొరుకుతుంది కాబట్టి, బురుజులను కోణాకారంగా కట్టారు. అప్పుడు ఒక బురుజు ముఖాన్ని పక్క బురుజు నుంచి కాల్పులతో ఊడ్చేయవచ్చు. అయినా రెండు బురుజుల మధ్య గోడ బలహీనంగానే మిగిలింది. రావెలిన్ పుట్టింది దానికోసమే.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని వీపు. శత్రువు వైపు తిరిగిన రెండు ముఖాలకే దళసరి గోడ ఉంటుంది. కోట వైపు దాన్ని తెరిచి వదిలేస్తారు. ఎత్తు కూడా ప్రధాన గోడకన్నా తక్కువే. శత్రువు ఎంతో నెత్తురు ధారపోసి లోపలికి ఎక్కితే, తలదాచుకోవడానికి ఏమీ ఉండదు. వెనక గోడ మీది తుపాకులకు నేరుగా ఎదురుపడతాడు. అంటే అది ఏదో ఒకనాడు చేజారుతుందని ఇంజనీరు ముందే లెక్కవేసుకున్నాడు. చేజారాక కూడా అది శత్రువుకు పనికిరాకుండా గీత గీశాడు. ఓటమిని నక్షాలోనే కలుపుకుని ఆలోచించడం గొప్ప తెలివి.

అగడ్త అవతలి ఒడ్డున సిపాయిలు మరుగున నిలబడే దారి, దాని ముందు బయటికి వాలే నున్నటి నేల ఉండేవి. వాలు ఎక్కి వచ్చేవాడికి చాటు దొరకదు. ఇలాంటి బయటి కట్టడాల దగ్గర ప్రాణనష్టం భయంకరంగా ఉండేది. 1673లో ఇప్పటి నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ ముట్టడిలో, ఫ్రెంచి ఇంజనీరు వోబాన్ కోట వైపు కందకాలు నడిపిన చోట, నవలల వల్ల లోకమంతా ఎరిగిన దార్తాన్యాన్ నిజజీవితంలో చనిపోయింది అలాంటి ఒక కట్టడం కోసం జరిగిన పోరులోనే.

వియన్నాలో ఒట్టోమన్లు నేల కింద సొరంగాలు తవ్వి మందుగుండు పేల్చారు. లోపలివాళ్లు ఎదురు సొరంగాలు తవ్వారు. రక్షణను తీర్చిదిద్దిన ఇంజనీరు జార్జ్ రింప్లర్ ముట్టడిలోనే గాయపడి మరణించాడు. నగరాన్ని కాపాడుతున్న సేనాని స్టార్‌హెంబర్గ్ మనుషులు రావెలిన్‌ను వదిలింది సెప్టెంబరు మొదట్లో. వెంటనే, 4వ తేదీన, బుర్గ్ బురుజు కింద మందుపాతర పేలి గండి పడింది. 12న పోలండ్ రాజు సోబియెస్కీతో సహా సహాయ సైన్యం కాలెన్‌బెర్గ్ కొండ మీంచి దిగింది. ఆ రావెలిన్ రెండు వారాల ముందే పడి ఉంటే, వాళ్లు వచ్చేసరికి నగరం నిలిచి ఉండేదని నేను అనుకోను.

గోల్కొండలోనూ ఇదే సమస్యకు మరో రకం జవాబు కనిపిస్తుంది. బాలా హిసార్ దర్వాజా ముందు అడ్డుగోడ ఉంది. ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపును ఢీకొట్టలేవు. 1656లో ఔరంగజేబు ముట్టడి తర్వాత కుతుబ్ షాహీలు కోటను ఆనుకుని ఉన్న ఎత్తు నేలను కూడా గోడతో చుట్టేశారు. అదే నయా ఖిల్లా. శత్రు ఫిరంగులు అక్కడికి ఎక్కకూడదన్నది ఉద్దేశం. 1687లో ఔరంగజేబు మళ్లీ వచ్చాడు. మొగలులు పేల్చిన మందుపాతరలు వాళ్ల సైన్యాన్నే దెబ్బతీశాయి. సుమారు ఎనిమిది నెలల తర్వాత కోట చిక్కింది, అదీ లోపలి మనిషి తలుపు తీశాకే.