పాత ఇంజనుకు ఏ పెయింటు వేయాలి? పిల్లలకు ఓ ఉత్తరం

పిల్లలకు,

ఆశీస్సులు. మీరు పంపిన ఫొటోలు చూశాను. పాత మోటార్‌సైకిల్ ఇంజను విప్పి ఒక్కో భాగాన్నీ గుడ్డ మీద వరసగా పేర్చిన తీరు చూస్తే ముచ్చటేసింది. నట్లూ బోల్టులూ విడివిడిగా డబ్బాల్లో వేసి పైన చీటీలు అంటించారు చూడండి, అది ఇంకా నచ్చింది. ఇక మీరడిగిన మాట: "తాతయ్యా, 650 డిగ్రీలు తట్టుకునే పెయింటు ఒకటుంది, 1,000 డిగ్రీలు దాటినా తట్టుకునేది ఇంకోటుంది. రెండోదే గట్టిది కదా, ఇంజనంతా దాంతోనే వేసేద్దామా?"

వేయకండి. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఆ పని నేను చేసి చూశాను.

నేను మొదటిసారి బాగుచేసిన పాత బండికి కింద క్రాంక్‌కేసు (ఇంజను అడుగు పెట్టె) నుంచి పైన హెడ్ (సిలిండర్ పై మూత) దాకా అంతా సైలెన్సర్ పైపులకు వేసే నల్ల పెయింటే కొట్టాను. ఆరాక ఎంత అందంగా ఉందో! నాలుగు వారాలు నడిపానో లేదో, ఒకరోజు కార్బురేటర్‌లో ఫ్లోటు ఇరుక్కుని పెట్రోలు పొంగింది. హెడ్ మీద చిందింది, కిందికి కారి కేసు మీద నిలిచింది. గుడ్డ తీసుకుని తుడిచాను. కేసు మీది నలుపంతా గుడ్డకు వచ్చేసింది, కింద తెల్లటి లోహం బయటపడింది. హెడ్ మీద మాత్రం రంగు చెక్కుచెదరలేదు. ఒకే డబ్బా, ఒకే రోజు, ఒకే చెయ్యి. మరి ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది?

వేడి నుంచి వచ్చింది. మామూలు ఎనామెల్ పెయింటులో రంగును పట్టి ఉంచే జిగురు (పెయింటువాళ్లు దాన్ని రెజిన్ అంటారు) కార్బన్ గొలుసులతో తయారవుతుంది. 100 డిగ్రీలు దాటి చాలాసేపు ఉంటే ఆ గొలుసులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తెగిపోతూ వస్తాయి. రంగు ముందు పచ్చబడుతుంది, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది, చివరికి పెళుసై రాలిపోతుంది. బాగా వేడిని తట్టుకునే పెయింట్లలో జిగురు వేరే రకం, సిలికాన్ రెజిన్. అందులో వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులది. ఇసుకలోనూ గాజులోనూ ఉండే బంధమే అది. తెంచడానికి మోల్‌కు సుమారు 450 కిలోజౌల్స్ శక్తి కావాలి. కార్బన్-కార్బన్ బంధానికి 350 చాలు.

అయితే ఆ సిలికాన్ రెజిన్ గాలికి ఆరినంత మాత్రాన గట్టిపడదు. థిన్నర్ ఆవిరైపోతుంది కాబట్టి చేతికి అంటదు, మనం ఆరిందనుకుంటాం. లోపల అణువులు ఒకదానితో ఒకటి ఇంకా ముడిపడలేదు. ఆ ముడి పడాలంటే చాలా రకాలకు 200 డిగ్రీల దగ్గర్లో వేడి తగలాలి, అదీ కాసేపు. నా హెడ్‌కు రోజూ నడపడంలోనే ఆ వేడి అందింది. కేసుకు ఏనాడూ అందలేదు. అక్కడున్నది పైకి ఆరినట్టు కనిపించే పచ్చి పెయింటు, పెట్రోలు తగలగానే కరిగిపోయింది.

అంచేత డబ్బా మీద రాసి ఉన్న అంకె ఆ పెయింటు ఎంత వేడిని ఓర్చుకుంటుందో మాత్రమే చెబుతుంది. దానికి ఎంత వేడి కావాలో ఆ అంకెలో ఉండదు, డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు అది చదవండి.

ఇప్పుడు మీ ఇంజనులో ఎక్కడ ఎంత వేడెక్కుతుందో చూద్దాం. గాలితో చల్లబడే ఇంజను కదా, ఒక్కోచోట ఒక్కో తీరు. కింద క్రాంక్‌కేసు, గేర్ల కవర్లు ఆయిల్ వేడిని బట్టి 80 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటాయి. సిలిండర్ బ్లాక్ ఫిన్స్ (గాలి తగిలి చల్లబడేందుకు ఉండే పల్చటి రెక్కలు) 100 నుంచి 200 దాకా వెళ్తాయి. హెడ్ మీద, ముఖ్యంగా ప్లగ్ చుట్టూ, ఎగ్జాస్ట్ వైపు 150 నుంచి 250 దాకా. ఇక బెండ్ పైపు (హెడ్ నుంచి సైలెన్సర్‌కు పొగ తీసుకెళ్లే వంపు గొట్టం) లోకమే వేరు: హెడ్‌లోంచి బయటికొచ్చిన చోట 400 సులువుగా దాటుతుంది, గట్టిగా లాగితే ఇంకా పైకి పోతుంది. ఒక్క జానెడు దూరంలో ఇంత మార్పు! ఎంత చెట్టుకంత గాలి అన్నట్టు, ఎక్కడి వేడికి తగ్గ పెయింటు అక్కడ వేయాలి.

మీ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉందన్నారుగా. ఇంకో బండి మీద కొలిచి చూడాలనుకుంటే ఒక జాగ్రత్త. మెరిసే అల్యూమినియం మీద అది చాలా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా సరిగా వదలదు. అక్కడ నల్ల పెయింటు చుక్క పెట్టి ఆ చుక్కనే కొలవండి.

కేసుకూ కవర్లకూ అసలు పెయింటే అవసరం లేకపోవచ్చు. పాత బళ్లలో చాలావాటికి అవి ఉత్త అల్యూమినియంగానే వచ్చాయి. మన బండికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే ఎవరి చెయ్యీ పడని చోట వెతకాలి: కార్బురేటర్ బిగించే ఇన్‌టేక్ ఫ్లాంజ్ కింద, ఇంజనును ఫ్రేముకు బిగించే ప్లేట్ల వెనక, నంబరు రేకు ఉంటే దాని కింద. గోటితో మట్టి తీసి, తడి గుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. గోరంత పాత పెయింటు దొరికినా, ఆ ఇంజను ఎలా ఉండేదో దాన్ని మించిన సాక్ష్యం ఇంకోటి దొరకదు. దాన్ని ఫొటో తీసి ఉంచండి, తర్వాతే ఏదైనా. ఉత్త లోహమే అయితే సన్నటి గరుకు పొడిని నీళ్లతో కలిపి గట్టిగా చిమ్మి శుభ్రం చేసే వేపర్ బ్లాస్టింగ్ చేయించి అలాగే వదిలేయమంటాను. మంచి అల్యూమినియాన్ని వెండి పెయింటుతో కప్పెయ్యడం నాకు నచ్చదు. రంగు వేయాల్సిందే అయితే కేసుకు ఇంజన్ ఎనామెల్ వాడండి, 150 నుంచి 300 డిగ్రీల మధ్య తట్టుకునే రకం. పెట్రోలుకూ ఆయిల్‌కూ ఓర్చుకుంటుందని దాని మీద రాసి ఉండాలి. తక్కువ వేడికే గట్టిపడుతుంది కాబట్టి అక్కడ అదే సరి.

బ్లాక్ సంగతి వేరు. మీది పోత ఇనుము. రంగు లేకపోతే వానాకాలంలో వారం తిరక్కుండా తుప్పు పడుతుంది. బ్లాస్టింగ్ చేయించాక తేమ గాలిలో కొన్ని గంటల్లోనే ఎర్రటి పొడి కనిపిస్తుంది, అందుకే బ్లాస్టింగ్, పెయింటు ఒకే రోజు పెట్టుకోండి. బ్లాక్‌కు సిలికాన్ కలిసిన, 300 డిగ్రీలు పైబడిన పెయింటు వేసి, బిగించకముందే ఓవెన్‌లో కాల్చడం మంచిది. హెడ్‌కు రంగు వేసినా అదే పద్ధతి. మీరు చెప్పిన 650 డిగ్రీల డబ్బా బెండ్ పైపుకు ఉంచుకోండి. 1,000 డిగ్రీలు దాటే దానితో మనకు పనే లేదు.

"పెయింటు వేస్తే ఇంజను చల్లబడదేమో" అని కూడా అడిగారు. మంచి ప్రశ్న. పెయింటు లోహంతో పోలిస్తే వేడిని చాలా నెమ్మదిగా దాటిస్తుంది, నిజమే. కానీ పొర పల్చగా ఉంటే ఆ అడ్డు లెక్కలోకి రాదు. మొత్తం రంగు మందం తల వెంట్రుక మందం కంటే తక్కువ ఉండాలి, అంటే 50 మైక్రాన్ల లోపు. నలుపు వేస్తే బాగా చల్లబడుతుందనే మాటలోనూ కొంత నిజముంది. నల్లటి పైపూత వేడిని కిరణాలుగా బాగా వదులుతుంది. కానీ నడిచే బండిలో వేడిని ఎక్కువగా మోసుకుపోయేది ఫిన్స్ మధ్య దూసుకెళ్లే గాలి. పైగా ఒక ఫిన్ వదిలిన కిరణాలు ఎదురుగా ఉన్న ఫిన్‌కే తగులుతాయి. కాబట్టి నలుపు అందం కోసమూ, తుప్పు పట్టకుండానూ వేసుకోండి. 1948లో వచ్చిన విన్సెంట్ బ్లాక్ షాడో అనే మోటార్‌సైకిల్ ఇంజనుకు నల్ల ఎనామెల్ వేసి కాల్చారు. ఫొటో వెతికి చూడండి, నల్ల ఇంజనుకు అంత హుందాతనం ఎలా వస్తుందో తెలుస్తుంది.

పౌడర్ కోటింగ్ చేయించమని ఎవరో చెప్పారన్నారు. ఫ్రేముకైతే సరే, బ్లాక్‌కు వద్దు. ఆ పొడి కరెంటు ఆకర్షణతో లోహానికి అంటుకుంటుంది. ఆ ఆకర్షణ ఫిన్స్ అంచుల దగ్గరే ఎక్కువ, లోతుల్లో దాదాపు ఉండదు. అంచుల మీద మందంగా పేరుకుపోతుంది, లోపల ఉత్త ఇనుమే మిగిలిపోతుంది. మందం కూడా 60 నుంచి 100 మైక్రాన్ల దాకా వస్తుంది.

రంగు పొడుల్లోనూ తేడాలున్నాయి. పసుపు ఐరన్ ఆక్సైడులో నీరు బంధించి ఉంటుంది. సుమారు 180 డిగ్రీలు దాటాక ఆ నీరు పోతూ, పసుపు కాస్తా ఎరుపుకు తిరుగుతుంది. వెండి పెయింటులో ఉండే అల్యూమినియం రేకులు మాత్రం ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని కింది లోహాన్ని కాపాడతాయి, అందుకే వేడి పెయింట్లలో అది పాతకాలం నుంచీ నమ్మకమైన రంగు. నిగనిగలాడే మెరుపు మాత్రం ఆశించకండి. ఎక్కువ వేడి తట్టుకునేవి చాలావరకు మెరుపు తక్కువగానే ఉంటాయి.

ప్రైమర్ (రంగుకు ముందు వేసే కింది పూత) దగ్గర చాలామంది బోల్తా పడతారు. పైన 300 డిగ్రీల పెయింటు వేసి, కింద మామూలు ప్రైమర్ వేస్తారు. కింది పొర మాడి ఊడిపోతే పైది ఎంత గట్టిదైనా దాంతోపాటే వచ్చేస్తుంది. కొన్ని వేడి పెయింట్లు నేరుగా లోహం మీదే వేయాలి. ప్రైమర్ కావాలని రాసి ఉంటే, ఆ పెయింటు తయారుచేసినవాళ్లే చెప్పిన వేడి ప్రైమర్ వాడండి.

శుభ్రం చేసేటప్పుడు కొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి. భాగాల మధ్య బిగించే పాత ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పాత పెయింటులో సీసం ఉండొచ్చు. పొడిగా గీకొద్దు, రుద్దొద్దు. తడిపి తీయండి, మాస్కు పెట్టుకోండి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, దగ్గరికి రానివ్వకండి. పోత ఇనుము రంధ్రాల్లో ఏళ్ల తరబడి ఆయిల్ ఇంకి ఉంటుంది. పైకి ఎంత తుడిచినా బ్లాక్‌ను ఒకసారి 120 డిగ్రీలకు వేడిచేస్తే ఫిన్ల మొదళ్లలో సన్నగా చెమట పట్టినట్టు ఆయిల్ బయటికొస్తుంది. తుడిచి, థిన్నర్‌తో కడిగి, ఆరాక మళ్లీ వేడిచేయండి. చెమట రావడం ఆగేదాకా అంతే. ఆ పని తొందరపడి ముగిస్తే తర్వాత పెయింటు బొబ్బలెక్కుతుంది.

ప్యాకింగ్ కూర్చునే చోట, నట్లు బిగించే చోట, ప్లగ్ సీటు మీద మాస్కింగ్ టేపు వేయండి. నట్టు కింద రంగు ఉంటే వేడికి అది అణిగిపోయి నట్టు వదులవుతుంది. స్ప్రే చేసేటప్పుడు ముందు ఫిన్స్ లోతుల్లోకి, నాలుగు వైపుల నుంచీ పల్చగా కొట్టండి. అంచులు చివర్లో. మొదటి కోటు కింద లోహం ఇంకా కనిపిస్తూ ఉండాలి, కంగారుపడి దాన్ని కప్పేయకండి. గాలి ఆడే చోట, ఆర్గానిక్ ఆవిర్లు పీల్చే ఫిల్టరున్న మాస్కుతో చేయండి. రెండు డబ్బాలు కలిపి వాడే, గట్టిపరచడానికి ఐసోసయనేట్ అనే రసాయనం ఉన్న రకాల జోలికి అసలు పోకండి. అవి ఊపిరితిత్తులకు చేసే హాని చాలా పెద్దది, సరైన ఏర్పాట్లున్న పెయింటరే వాటిని వాడాలి.

కాల్చడం గురించి ఒక్క మాట. "ఇంజను బిగించి స్టార్ట్ చేసి వదిలేస్తే దాని వేడికే పెయింటు కాలుతుంది" అని చాలామంది చెబుతారు. మీకది కుదరదు. మీరు పిస్టన్‌కు కొత్త రింగులు వేస్తున్నారు. కొత్త రింగులు బోరులో (సిలిండర్ లోపలి గోడకు) సరిగ్గా కూర్చోవాలంటే మొదటి కిలోమీటర్లలో బరువు మీద నడపాలి. నిలబెట్టి గంటలు గంటలు ఐడిల్‌లో ఉంచితే బోరు నున్నబడి ఆయిల్ తాగడం మొదలెడుతుంది. పైగా ఎదురుగాలి లేకుండా ఆ ఇంజను నిలబడితే అనవసరంగా వేడెక్కుతుంది. కాబట్టి బ్లాకూ హెడ్డూ విడిగా ఉండగానే కాల్చేయండి. వంటకు వాడే ఓవెన్ వద్దు, ఆ ఆవిర్లు అందులో ఉండిపోతాయి. రబ్బరు సీళ్లు, బేరింగులు అన్నీ తీసేశాకే లోపల పెట్టండి. మెల్లగా వేడి పెంచండి, డబ్బా మీద చెప్పినంతసేపే ఉంచండి, తలుపు తెరవకుండా లోపలే చల్లారనివ్వండి. అల్యూమినియం హెడ్‌ను 200 దాటించొద్దు. కొన్ని పోతలకు వేడితోనే గట్టిదనం తెప్పించి ఉంటారు, మించితే మెత్తబడతాయి.

బ్లాక్‌కు చేయి పెట్టేముందు ఒక పని చేయండి. ఏదైనా పాత ఇనుప ముక్క తీసుకుని, బ్లాక్‌కు చేయబోయేదంతా దానికి చేయండి: అదే శుభ్రం, అదే పెయింటు, అదే ఓవెన్ వేడి. చల్లారాక తెల్లగుడ్డను పెట్రోలులో తడిపి, ఒకేచోట యాభైసార్లు గట్టిగా రుద్దండి. ఆ గుడ్డ పారేయకుండా ముక్కతో పాటు ఫొటో తీసి నాకు పంపండి. గుడ్డ తెల్లగానే ఉంటే బ్లాక్ తీసి మొదలుపెట్టండి. మరక కనిపిస్తే ఆగండి, వేడి చాలలేదో, శుభ్రం సరిపోలేదో ఫోనులో మాట్లాడుకుందాం.

మీ
తాతయ్య