పిల్లాడి షాట్ మార్చాలా? ఈ తగాదాకు ఎనభై ఏళ్ల వెనక కథ

వేసవి క్యాంపులు మొదలయ్యాయంటే తిరుపతి బాస్కెట్‌బాల్ కోర్టుల పక్కన పిల్లాడు బంతిని రింగులోకి వేసే తీరు, అంటే షాట్, మార్చాలా వద్దా అన్న పంచాయితీ కూడా మొదలైనట్టే. "మావాడు బాగానే వేస్తున్నాడు కదా సార్, ఇప్పుడు మార్చడం దేనికి?" అని తండ్రి అడుగుతాడు. నడుం దగ్గర నుంచి తోసే షాట్ అండర్-14లో పడుతుంది గానీ, అండర్-17లో ఎదుటివాడు చెయ్యెత్తితే చాలు ఆగిపోతుందని కోచ్ అంటాడు.

ఇప్పుడు కోచ్‌లు నేర్పే 'సరైన షాట్' ఆటతో పాటు పుట్టింది కాదు. 1891లో నైస్మిత్ ఈ ఆటను మొదలుపెట్టాక కొన్ని దశాబ్దాల పాటు, రెండు చేతులతో నేల మీద నిలబడి వేసే సెట్ షాటే పద్ధతి. 1936 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆటగాడు హ్యాంక్ లుయిసెట్టి న్యూయార్క్‌లో ఒంటిచేత్తో వేసి, వరసగా 43 మ్యాచ్‌లు గెలిచిన లాంగ్ ఐలాండ్ యూనివర్సిటీ జట్టును ఓడించాడు. తనకన్నా పొడగరి అయిన అన్న మీదుగా బంతి వేయడానికి ఎగరడం నేర్చుకున్న కెన్నీ సేలర్స్, 1943లో వ్యోమింగ్ యూనివర్సిటీని అమెరికా కాలేజీ విజేతగా నిలబెట్టాడు. ఎగిరి గాల్లో నుంచి వేసే జంప్ షాట్‌కు దారి వేసినవాళ్లలో అతనొకడు. అప్పటి కోచ్‌ల లెక్కన ఇద్దరిదీ తప్పు షాటే.

మన దగ్గర తప్పు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే పదేళ్ల పిల్లాణ్ని కాసేపు గమనిస్తే చాలు. రింగు ఎత్తు 3.05 మీటర్లు. చేతిలో పెద్దవాళ్లు ఆడే 7వ నంబరు బంతి, దాదాపు 600 గ్రాములు. భుజం బలం చాలక బంతిని తుంటి దాకా దించుతాడు, వెనక్కి వంగుతాడు, రెండు చేతులతో విసురుతాడు. ఎడమ బొటనవేలు కూడా తోయడంతో బంతి పక్కకి తిరుగుతూ పోతుంది. నిజానికి ఆ వయసుకు మినీ బాస్కెట్‌బాల్ ఉంది: 5వ నంబరు బంతి, 2.60 మీటర్ల రింగు. చాలా బళ్లలో ఉన్నది ఒకే రింగు, ఒకే సైజు బంతులు. కాబట్టి ఈ తప్పు పిల్లాడిదని నేననను.

మార్చి బాగుపడ్డవాడంటే అందరూ స్టెఫెన్ కర్రీ పేరే చెబుతారు. 11వ తరగతికి ముందు వేసవిలో తండ్రి డెల్ కర్రీ అతని షాట్‌ను నడుం దగ్గర నుంచి తల పైకి తెచ్చాడు. ఆ వేసవిలో కొన్ని వారాల పాటు పెయింట్ (రింగు ముందు గీత గీసిన చోటు) బయట నుంచి వేయలేకపోయాడన్న సంగతి మాత్రం మన కోర్టుల దగ్గర పెద్దగా వినపడదు. 2021లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్)లో అత్యధిక త్రీ పాయింటర్ల (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) రికార్డు అతనిదైంది. ఇంకోవైపు, ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2017లో మొదటి ఎంపిక మార్కెల్ ఫుల్ట్జ్. అతని షాట్ చెడిందని అందరూ అతను బంతి వేసే తీరునే తప్పుపట్టారు. 2018లో తేలిందేమిటంటే, మెడ, భుజాల దగ్గర నరాలు నొక్కుకుపోయే థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్. పిల్లాడు భుజం నొప్పంటే కోచ్ ముందు అది చూడాలి.

ఫలితం బాగున్నా నిలబడని మార్పులూ ఉన్నాయి. 1961-62లో ఎన్‌బీఏ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు దక్కే, ఎవరూ అడ్డురాని షాట్లు) కింద నుంచి ఊపి వేశాడు. వంద పాయింట్లు కొట్టిన మ్యాచ్‌లో 32కి 28 పడ్డాయి. చూడ్డానికి నామోషీగా ఉందని మళ్లీ పాత పద్ధతికే పోయాడు. పద్నాలుగేళ్ల కుర్రాడు తోటివాళ్లు నవ్వుతారని పాత షాట్‌కు జారుకోవడం వింతేమీ కాదు.

మన చిక్కంతా క్యాలెండర్‌తోనే. క్యాంపు మేలో ఉంటుంది. బళ్లు తెరిచిన కొన్ని నెలలకే స్కూల్ గేమ్స్ ఎంపికలు. కొత్త షాట్ కుదురుకోకముందే, ఎంపికల టెన్షన్‌లో ఇంట్లోవాళ్లే "పాతదే వెయ్యి నాయనా" అంటారు. అందుకే మార్చేదేదో పన్నెండు, పదమూడేళ్లకే మొదలుపెట్టాలి. ఆ ఏడు ఎంపిక దక్కకపోవచ్చని తండ్రికి ముందే చెప్పాలి.