కల్పిత ఎడారి దేశం: అపోహలు - వాస్తవాలు

నవలలకీ గేమ్‌లకీ కల్పిత దేశాలు తయారుచేయడం నా పని. పటం గీయడం దగ్గర్నుంచి అక్కడి సంతలో ఏం అమ్ముతారో, ఆస్తి ఎవరికి పోతుందో తేల్చడం దాకా అన్నీ అందులో భాగమే. కొన్నేళ్లుగా 'ఊటసీమ' అనే ఎడారి దేశాన్ని కల్పిస్తున్నాను. కొత్తగా రాస్తున్నవాళ్లు పంపే చిత్తుప్రతులూ చదువుతుంటాను. చాలామంది ముందు ఇసుకను ఊహించి, ఆ తర్వాత దాని మీద మనుషుల్ని నిలబెడతారు. అందుకే ఎవరి కథలోనైనా ఆ మనుషులు ఒకేలా ఉంటారు. ఇసుకను పక్కనపెట్టి నీటి లెక్కతో మొదలుపెట్టమని నేను వాళ్లకు చెబుతాను. నీళ్లు ఎక్కడివి, ఎవరివి, ఎవరు కొలుస్తారు అన్నది తేలితే డబ్బు, పెళ్లి, చట్టం, తిట్లు కూడా దాని వెనకే వస్తాయి.

అపోహ: ఎడారి అంటే కనుచూపు మేర ఇసుక తిన్నెలు.

వాస్తవం: సహారాలో ఇసుక పరుచుకున్న భాగం సుమారు పావు వంతే. మిగిలింది రాతి పీఠభూములు, గులకరాళ్ల మైదానాలు, కొండలు, ఉప్పు తేలిన చవుడు నేలలు. ఎడారిని ఎడారి చేసేది వాన లేకపోవడం. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోటును మామూలుగా ఎడారి అంటారు. ఆ లెక్కన ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద ఎడారి అంటార్కిటికా. గోబీ ఎడారిలో చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీల దాకా పడిపోతుంది.

నేల ఎలాంటిదో తేలితే కథ కూడా మారుతుంది. రాతినేల మీద పడ్డ వాన ఇంకదు. ఎక్కడో దూరాన కురిసిన వాన ఎండిన వాగులోకి ఒక్కసారిగా వరదై వస్తుంది. మెత్తటి ఇసుక ఉంది కదా అని వాగులో డేరా వేసుకున్నవాళ్లు ఆ వరదలో కొట్టుకుపోవడం నిజం ఎడారుల్లో జరిగే ప్రమాదమే. ఊటసీమలో పిల్లలకు నేర్పే మొదటి మాట 'వాగులో పడుకోకు'. పెద్దయ్యాక అదే సామెత అవుతుంది. తేలిగ్గా దొరికిన సుఖాన్ని నమ్మొద్దని చెప్పడానికి వాడతారు.

అపోహ: నీళ్లు తక్కువ కాబట్టి బలవంతుడు బావిని పట్టుకుంటాడు, మిగతావాళ్లు అతనికి లొంగి బతుకుతారు.

వాస్తవం: నా మొదటి చిత్తులో కూడా ఇదే ఉంది. కోట మధ్యలో బావి, దాని చుట్టూ కాపలా, లోపల క్రూరుడైన రాజు. చదివిన ఒక స్నేహితురాలు ఒక్కటే అడిగింది: "ఆ బావిలో పూడిక ఎవరు తీస్తారు?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న కోసం చదవడం మొదలుపెట్టాక నా దేశమంతా మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

ఇరాన్‌లో ఖనాత్, ఒమన్‌లో ఫలజ్, అల్జీరియాలో ఫొగ్గారా అని పిలిచే భూగర్భ కాలువలున్నాయి. కొండ దిగువన నీటి పొర తగిలేదాకా తల్లి బావి తవ్వుతారు. అక్కడి నుంచి ఊరి దాకా చాలా కొద్ది వాలుతో సొరంగం తీసుకొస్తారు. మట్టి పైకి తోడటానికీ లోపలికి గాలి రావడానికీ దారి పొడవునా బావులు దించుతారు. మోటారు లేకుండా, ఎండకు ఆవిరైపోకుండా నీళ్లు తమంతట తామే ఊరు చేరతాయి. ఇరాన్‌లోని గోనాబాద్ ఖనాత్ పొడవు 33 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పైకప్పు కూలుతూ ఉంటుంది, పూడిక చేరుతూ ఉంటుంది. తరతరాలుగా ఆ పని తెలిసినవాళ్లు లోపలికి దిగి బాగుచేయకపోతే ఊరు ఎండిపోతుంది. కత్తి పట్టినవాడు కాలువ నోటిని ఆక్రమించగలడు గానీ కాలువను నడపలేడు.

నీళ్లు పంచే తీరు నాకు ఇంకా నచ్చింది. అక్కడ నీటిని కాలంతో కొలుస్తారు. ఒమన్ పల్లెల్లో పగలు నీడ గడియారం, రాత్రి నక్షత్రాలు చూసి వంతులు మార్చేవారు. ఇరాన్‌లో అడుగున చిన్న చిల్లున్న రాగి గిన్నెను నీళ్ల పాత్రలో వదిలేవారు. అది నిండి మునిగితే ఒక కొలత అయినట్టు. మన 'గడియ' అనే మాట కూడా అలాంటి ఘటికా పాత్ర నుంచే వచ్చింది. అల్జీరియా ఒయాసిస్సుల్లో కాలువ నోటి దగ్గర దువ్వెనలా చెక్కిన రాయి ఉంటుంది. ఏ పన్ను సందులోంచి ఎన్ని నీళ్లు పోవాలో, అవి ఎవరి తోటకు చేరాలో ముందే తేలి ఉంటుంది. చాలా ఒయాసిస్సుల్లో నేల వేరు, నీటి వాటా వేరు. వాటాను అమ్ముకోవచ్చు, కౌలుకివ్వచ్చు, తాకట్టు పెట్టచ్చు, పిల్లలకు పంచచ్చు. నీళ్లు లేని పొలానికి విలువ లేదు. పొలం లేకపోయినా నీళ్లున్నవాడు ధనవంతుడే.

దీంతో నా కథలో రాజు పక్కకు జరిగాడు. ఊటసీమలో అందరూ భయపడేది గిన్నె దగ్గర కూర్చుని నీళ్ల వంతులు లెక్కపెట్టే నీరటికి. అతను ఒక్క గిన్నె తప్పు లెక్కేస్తే ఒక కుటుంబం ఖర్జూరపు తోట ఎండుతుంది. భర్త పోయిన ఒకావిడ చేతిలో ఏడు గిన్నెల వాటా మిగులుతుంది. ఆవిణ్ని పెళ్లి చేసుకుంటామని వచ్చేవాళ్లందరి మనసులో ఆ ఏడు గిన్నెలే ఉంటాయి. ఆవిడకూ ఆ సంగతి తెలుసు. యుద్ధాలతో నింపిన రెండొందల పేజీలు కొట్టేసి ఆవిడ కథ రాశాను.

అపోహ: ఎడారి జనమంతా సంచారులే. ఊళ్లవాళ్లకూ వాళ్లకూ ఎప్పుడూ పగే.

వాస్తవం: తగాదాలు ఉంటాయి. కానీ ఒకరు లేకుండా ఇంకొకరికి గడవదు. తోటలున్నవాళ్ల దగ్గర ఖర్జూరం, ధాన్యం, ఇనుప పనిముట్లు ఉంటాయి. మందలున్నవాళ్ల దగ్గర పాలు, ఉన్ని, తోలు, మోసే జంతువులు, అన్నిటికంటే ముఖ్యంగా దారి తెలిసిన మనుషులు ఉంటారు. తోటలకు పేడ ఎరువు కూడా మందల నుంచే. ఒయాసిస్సు తోట సాధారణంగా మూడు అంతస్తులుగా ఉంటుంది. పైన ఖర్జూరపు చెట్ల నీడ, ఆ నీడలో దానిమ్మ, అంజూర లాంటి పండ్ల చెట్లు, వాటి కింద కూరగాయలు, ధాన్యం. ఆ పచ్చదనాన్ని మనుషులే ఏటా నిలబెట్టుకోవాలి.

సరుకులు మోసే ఒంటెల బిడారు ఒక తెగ నేల మీదుగా పోతే ఆ తెగకు సొమ్ము ముడుతుంది. బదులుగా వాళ్లు దారి చూపిస్తారు, కాపలా కాస్తారు. సొమ్ము అందనప్పుడు దోపిడీ మొదలవుతుంది. చిత్తుప్రతుల్లో కనిపించే 'ఎడారి దొంగ'కు ఇలాంటి పాత బాకీ ఒకటి పెట్టి చూడండి, అతను వెంటనే మనిషైపోతాడు.

అపోహ: ఒంటె మూపురంలో నీళ్లు దాచుకుంటుంది.

వాస్తవం: మూపురంలో ఉండేది కొవ్వు. దప్పికతో ఉన్న ఒంటె పావుగంటలో వంద లీటర్లకు పైగా తాగగలదు. కాబట్టి బిడారు చేరిన ఊళ్లో తొట్టి దగ్గర గొడవ ఖాయం.

అపోహ: బంగారమో, రత్నాలో, ఒక మాయ ఖనిజమో పెడితే ఆర్థిక వ్యవస్థ అయిపోయినట్టే.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. సరుకు పేరు కంటే మోత ఖర్చు ముఖ్యం. బరువెత్తిన ఒంటె మోసేది సుమారు 150 కిలోలు, రోజుకు నడిచేది 30 నుంచి 40 కిలోమీటర్లు. మాలిలోని తౌదెన్ని ఉప్పు గనుల నుంచి టింబక్టు నగరం దాకా 650 కిలోమీటర్లకు పైనే. ఒంటెకు నాలుగేసి ఉప్పు పలకలు కట్టి ఆ దూరం నడవడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. మనుషులకు తిండి, జంతువులకు మేత, దారి సుంకాలు, చచ్చిపోయిన ఒంటెల నష్టం అన్నీ ఆ పలకల ధరలోనే రావాలి. అందుకే దూరం పోయేవి కొన్నే: ఉప్పు, బంగారం, సాంబ్రాణి, మేలిరకం బట్ట. చవక ధాన్యాన్ని అంత దూరం మోసుకెళ్లి లాభం చూడటం చాలా కష్టం.

ఇబ్న్ బతూతా అనే యాత్రికుడు 1352లో సహారాలోని తగాజా అనే ఉప్పు గనుల ఊరు చూశాడు. ఇళ్లూ మసీదూ ఉప్పు దిమ్మలతో కట్టినవి, పైకప్పు ఒంటె తోళ్లు. అక్కడ చెట్టన్నది లేదు. తినే ఖర్జూరం, జొన్నల్లాంటి ధాన్యం బయటి నుంచే రావాలి. చేతినిండా సరుకున్న ఆ ఊరు బిడారు ఆగిపోతే ఆకలితో చస్తుంది. ఏ రచయితకైనా ఇంతకంటే మంచి ఊరు దొరకదని నా నమ్మకం.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ సరుకు అక్కర్లేని రోజు వస్తే? చిలీలోని అటకామా ఎడారి ఒకప్పుడు నేలలోంచి తవ్వితీసే నైట్రేట్ అనే లవణం మీద బతికింది. ఎరువులకూ పేలుడు పదార్థాలకూ అదే ఆధారం. 1879లో చిలీకీ, పెరూ బొలీవియాలకూ మధ్య మొదలైన పసిఫిక్ యుద్ధానికి ముఖ్య కారణాల్లో అదొకటి. తర్వాత గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసే పద్ధతి జర్మనీలో వచ్చింది. క్రమంగా నైట్రేట్ ఊళ్లు ఖాళీ అయ్యాయి. అలాంటి హంబర్‌స్టోన్ ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం. నాటకశాల సహా ఊరు నిలబడే ఉంది, మనుషులే లేరు.

అపోహ: వేడి కాబట్టి పలచటి, కురచ బట్టలు. ముసుగు ఆడవాళ్లకు.

వాస్తవం: ఎండ తగలకుండా, గాలి ఆడేలా ఒళ్లంతా కప్పే వదులు బట్టలే అక్కడ సుఖం. సినాయ్ ఎడారిలోని సంచార అరబ్బులైన బెదూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారని పరిశోధించి 1980లో ఫలితం ప్రచురించారు. నల్ల బట్ట ఎక్కువ వేడి పీల్చుకున్నా, లోపల గాలి ఆడటం వల్ల ఒంటికి చేరే వేడి తెల్ల అంగీలో ఉన్నంతే ఉందని తేలింది. ఇక సహారాలోని తువారెగ్ జనంలో ముఖం కప్పుకునేది మగవాళ్లు. ఆ బట్టకు వేసిన నీలిమందు రంగు చర్మానికి అంటుతుంది. అక్కడ డేరా ఆడవాళ్లది. పెళ్లితో ఆమె వెంట వస్తుంది, విడిపోతే ఆమెతోనే పోతుంది. ఇల్లు లేకుండా మిగిలేది మగవాడు.

ఈ ఆచారాన్ని తీసుకుని పేరు మార్చి పెట్టేయమని చెప్పడం లేదు. అది ఒక జాతి బతుకు. బొమ్మకు తొడిగే వేషంలా వాడితే నాకు బాధగా ఉంటుంది. కారణాన్ని తీసుకోండి, రూపాన్ని మీరే కనిపెట్టండి. ఇల్లు ఎవరిదైతే ఇంట్లో మాట ఎవరిది చెల్లుతుందో ఆలోచిస్తే చాలు, మీ దేశానికి దాని సొంత ఆచారం పుడుతుంది.

అపోహ: కఠినమైన నేల కాబట్టి మనుషులూ కఠినులే. కళలూ చదువులూ అక్కడ పెరగవు.

వాస్తవం: ఇస్లాంకు ముందటి ఖసీదాలు అనే అరబ్బీ దీర్ఘ కవితలు చాలావరకు వదిలివెళ్లిన గుడారాల ఆనవాళ్ల దగ్గర, ప్రియురాలిని తలుచుకోవడంతో మొదలవుతాయి. మారిటేనియాలోని షింగెట్టిలో కుటుంబాలు తరాలుగా రాతప్రతులు దాచుకుంటూ వచ్చాయి. అపరిచితుడికి మూడు రోజులు ఆతిథ్యం ఇవ్వడం బెదూయిన్ల మర్యాద. అందులో దయ ఉంది, ముందుచూపూ ఉంది. రేపు దప్పికతో ఎవరి డేరా ముందు నిలబడాల్సి వస్తుందో ఎవరికీ తెలియదు.

అపోహ: ఎడారి దేశం వెయ్యేళ్లు గడిచినా అలాగే ఉంటుంది.

వాస్తవం: ఇరవయ్యో శతాబ్దంలో మోటారు పంపులు వచ్చాయి. లోతు బోర్లు వేసినచోట నీటి మట్టం పడిపోయి ఇరాన్‌లో ఎన్నో ఖనాత్‌లు ఎండిపోయాయి. పంపు కొనగలిగినవాడికి గిన్నెతో పనిలేదు. తాతల నాటి వాటా కాగితం మీద మిగులుతుంది, కాలువలో నీళ్లు మాత్రం ఉండవు.

ఊటసీమలో నేనిప్పుడు ఇక్కడికే వచ్చాను. ఊరి చివర ఒకతను మొదటి ఇంజను దించాడు. ఆవిడ ఏడు గిన్నెలు ఇంకా ఆవిడవే, నీరటి ఇంకా రాత్రంతా మేలుకుని గిన్నె మునిగినప్పుడల్లా కేకేస్తున్నాడు. ఈ వారం మాత్రం ఆవిడ వంతు మొదలయ్యాక నీళ్లు తోట చేరడానికి రెండు గిన్నెలు ఎక్కువ పట్టింది.