వాంతులు, విరేచనాలు, వంటవాడి చేతులు: ఓడలో నేర్చుకున్నవి, హన్మకొండలో చెబుతున్నవి

తొమ్మిదేళ్ల పాటు విహార నౌకల వంటశాలల్లో పనిచేసి, ఇప్పుడు హన్మకొండలో పెళ్లిళ్లకు వండే బృందాలకు, హాస్టల్ వంటవారికి పరిశుభ్రత నేర్పుతున్నాను. ఓడలో మూడు వేల మంది ప్రయాణికులకు తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా వడ్డన సాగుతూనే ఉండేది. మేము నీటిమట్టానికి దిగువన, కిటికీ లేని గదుల్లో ఇద్దరిద్దరం ఉండి, సెలవన్నది లేకుండా నెలల తరబడి రోజుకు పదేసి గంటలు పనిచేసేవాళ్లం. ఆ పనిలో నేర్చుకున్నదానికీ, మన దావతుల్లో వినిపించే మాటలకూ పొంతన కుదరని చోట్లు చాలానే ఉన్నాయి.

అపోహ: ఓడల్లోనే ఈ రోగాలు ఎక్కువ.

వాస్తవం: ఓడల్లో వాంతులు, విరేచనాలు ప్రబలడానికి ప్రధాన కారణం నోరోవైరస్. అమెరికాలో నమోదయ్యే నోరోవైరస్ వ్యాప్తి ఘటనలన్నిటిలోనూ విహార నౌకల వాటా సుమారు 1 శాతమే. అయినా ఓడల పేర్లే వార్తల్లోకి ఎక్కడానికి కారణం, అక్కడ లెక్కపెట్టేవాళ్లు ఉండటం. విదేశీ రేవుల నుంచి అమెరికా రేవులకు వచ్చే ఓడలను అక్కడి ఆరోగ్య సంస్థ 1970 దశకం నుంచి చెప్పాపెట్టకుండా తనిఖీ చేస్తోంది. నూటికి 85 లేదా అంతకన్నా తక్కువ మార్కులు వస్తే ఆ ఓడ తప్పినట్టే. ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతం మంది జబ్బుపడితే ఆ సంగతిని బహిరంగంగా ప్రకటిస్తారు. మన పెళ్లి విందుకు వచ్చినవాళ్లు సాయంత్రానికే ములుగుకు, పరకాలకు, జనగామకు వెళ్లిపోతారు. మర్నాడు ఎవరి ఇంట్లో వాళ్లు వాంతులతో పడుకున్నా, ఆ నలభై మందినీ ఒక కాగితం మీద రాసేవారు ఉండరు.

అపోహ: చివరగా తిన్నదే పడలేదు.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. నోరోవైరస్ ఒంట్లో చేరిన 12 నుంచి 48 గంటలకు లక్షణాలు కనిపిస్తాయి. అంటే శుక్రవారం మధ్యాహ్నం తిన్నదాని ఫలితం శనివారం రాత్రి తెలియవచ్చు, అప్పటికి నింద శనివారం తిన్న మిర్చీ బజ్జీ మీద పడి ఉంటుంది. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపే వాంతులు మొదలైతే మాత్రం, సూక్ష్మజీవి అంతకుముందే ఆహారంలో వదిలిన విషాన్ని అనుమానించాలి. అందుకే ఓడ వైద్యశాలలో రోగిని మొన్నటి నుంచి ఏమేం తిన్నాడో వరుసగా అడుగుతారు, ఇక్కడ మనమూ అలాగే అడగాలి.

అపోహ: మళ్లీ వేడిచేస్తే అన్నీ చస్తాయి.

వాస్తవం: నేను ఎక్కువసార్లు ఎదుర్కొన్న అపోహ ఇదే. "మస్తు వేడిజేసినం సార్, ఇంకేం బతుకుతది?" అని ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు. ఆయన ముప్పై ఏళ్లుగా బగారా వండుతున్నాడు, చేతి రుచికి నేనే దండం పెడతాను. కానీ బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి గట్టి గింజల వంటి రూపంలో దాక్కుని, అన్నం ఉడికే వేడిని తట్టుకుంటుంది. వండిన అన్నం పెద్ద గంజులోనే మూతపెట్టి ఉంటే, పైన చల్లారినట్టు అనిపించినా లోపల గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. ఆ గోరువెచ్చదనంలో అది మొలకెత్తి, పెరిగి, విషాన్ని వదులుతుంది. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున వేడిచేస్తే సూక్ష్మజీవి చస్తుందేమో గానీ, వాంతి తెప్పించే ఆ విషం విరగదు. ఉల్లిగడ్డలు కోస్తూ వేలు తెంపుకుని, దానికి గుడ్డపీలిక చుట్టుకుని అన్నం కలిపే కుర్రవాడి పుండులోని స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి వదిలే విషమూ అటువంటిదే. ఓడలో వేలు తెగితే ముందు ఆ బల్ల మీద ఉన్నదంతా పారేసేవాళ్లం, తరువాతే కట్టు, కట్టు మీద తొడుగు. మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లేల్లో రెండంగుళాల మందాన పరిచేవాళ్లం. రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆపైన నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగిందా అని థర్మామీటరు గుచ్చి చూసి పుస్తకంలో రాసేవాళ్లం. ఫంక్షన్ హాల్‌లో అంత చల్లదనం దొరకదు కాబట్టి, వడ్డన అయ్యేదాకా అన్నాన్ని 60 డిగ్రీలకు పైన ఉంచడం, మిగిలినదాన్ని మర్నాటికి దాచకపోవడం మేలు. పెద్దమనిషి ఇప్పుడు జేబులో థర్మామీటరు పెట్టుకుంటున్నాడు.

అపోహ: పాడైతే వాసన వస్తుంది.

వాస్తవం: వాసన తెచ్చే జీవులు వేరు, జబ్బు తెచ్చేవి వేరు.

అపోహ: శానిటైజర్ రాసుకుంటే చాలు.

వాస్తవం: నోరోవైరస్‌ మీద ఆల్కహాల్ అంతగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది, ధారగా పారే నీటితో కడగాలి. ఎవరైనా వాంతి చేసుకున్న చోట తడిగుడ్డతో తుడిచి వదిలేయకూడదు. ముందు చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ వేసుకుని అక్కడున్నదంతా తీసేయాలి. 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్‌ను లీటరు నీటికి సుమారు 4 గ్రాముల లెక్కన కలిపి, ఆ నీటిని పోసి, కనీసం ఐదు నిమిషాలు ఉంచాలి. ఓడలో జబ్బు ప్రబలిందని తేలిన మరుక్షణం బల్లల మీది ఉప్పు, మిరియాల సీసాలన్నీ మాయమయ్యేవి. ఎవరికి వారు వడ్డించుకోవడం ఆపేసి, చెంచా దగ్గర నుంచి అన్నీ మేమే అందించేవాళ్లం. మన విందుల్లో వందల చేతులు పట్టుకునే గరిటెను చూసినప్పుడల్లా నాకు ఆ సీసాలు గుర్తొస్తాయి.

అపోహ: విరేచనాలు ఆగాలంటే యాంటీబయాటిక్ వేయాలి.

వాస్తవం: వైరస్‌కు అది పనిచేయదు. ఓఆర్ఎస్ ముఖ్యం. అది దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టిన టీ చెంచాలతో కలిపి తాగించాలి. మలంలో రక్తం పడినా, మూత్రం ఆగిపోయినా, పిల్లలు మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

అపోహ: కాస్త కడుపు జారితే ఒక మాత్ర వేసుకుని పనికి రావచ్చు.

వాస్తవం: నోరోవైరస్ కణాలు కొద్దిపాటివి చాలు మరొకరిని పడగొట్టడానికి. లక్షణాలు తగ్గాక కూడా అవి మలంలో రెండు వారాలు, కొందరిలో అంతకన్నా ఎక్కువ కాలం పోతూనే ఉంటాయి. బాగా ఉడికే మటన్ కూర కన్నా, ఉడకని ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మ బద్దలు, పెరుగు చట్నీ, గ్లాసులో వేసే ఐసు ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే చేయి తగిలాక వాటికి మంట తగలదు. ఓడలో వంటవారికి ఆఖరి విరేచనం నుంచి 48 గంటలు గడిచేదాకా గది దాటనిచ్చేవారు కాదు. భోజనం తలుపు దగ్గరికి వచ్చేది, జీతం కోసేవారు కాదు. ఇంత తెలిసీ నా మొదటి కాంట్రాక్టులో నేను దాచాను. ఇంటికి పంపేస్తారేమోనన్న భయంతో రాత్రంతా కడుపు పట్టుకుని, పొద్దున్నే వెళ్లి పుచ్చకాయలు కోశాను. మధ్యాహ్నానికి నా ముఖం చూసి సూపర్‌వైజరే వైద్యశాలకు పంపాడు. ఆ ముక్కలు తిన్నవాళ్లకు ఏమైందో నాకు తెలియదు, ఆ బాధ ఇంకా నాతోనే ఉంది.

జీతం కోయని చోటే నేను దాచానంటే, రోజు కూలీ మీద బతికే మనిషి దాచడంలో వింత లేదు. అందుకే నేను శిక్షణకు ఒప్పుకునే ముందు కాంట్రాక్టరును ఒక్కటే అడుగుతున్నాను: కడుపు బాగోలేదని చెప్పిన మనిషికి ఆ రోజు కూలీ ఇవ్వాలి, ఆ స్థానంలోకి పిలవడానికి మరొకరిని ముందే చూసి పెట్టుకోవాలి. కొందరు లెక్కలు చెప్పి వెళ్లిపోయారు, కొందరు ఒప్పుకున్నారు. పోయిన పెళ్లిళ్ల కాలంలో కాజీపేటలో ఒక విందు ఉన్న రోజున, ముక్కలు కోసే అమ్మాయి తెల్లవారకముందే మేస్త్రీకి ఫోన్ చేసి "అన్నా, రాత్రి నుంచి కడుపు మంచిగలేదు, ఇయ్యాల నేను రాను" అని చెప్పింది. మేస్త్రీ వేరొకరిని పిలుచుకున్నాడు. సాయంత్రం ఆమె కూలీ ఆమె ఇంటికే చేరింది.