తలకిందులైతే వేరే అక్షరం

ఒక కాగితం మీద ఇంగ్లిష్ క్యాపిటల్ 'కె' రాసి, కాగితాన్ని తలకిందులు చేసి చూడండి. మనకు అది తిరగబడ్డ 'కె'. లిసు అనే తెగ పిల్లలకు మాత్రం కొత్త అక్షరం. నిటారుగా ఉంటే 'క', తలకిందులైతే 'ఖ'. 'పి' నిలబడితే ప, తిరగబడితే ఫ. మనం 'ప' లాంటి వాటికి కింద చిన్న గీత తగిలించి వత్తు పలికిస్తాం, వాళ్లు అక్షరాన్నే తిప్పేస్తారు.

లిసులు ఎక్కువగా ఉండేది చైనాలోని యునాన్‌లో, సాల్వీన్ నది లోయలో. అక్కడ 2010 లెక్కల్లో 7 లక్షలకు పైగా తేలారు. మయన్మార్‌లో, ఉత్తర థాయిలాండ్‌లో కూడా ఉన్నారు. మన దేశంలోనూ ఉన్నారు, అరుణాచల్ ప్రదేశ్ చాంగ్‌లాంగ్ జిల్లాలో. అక్కడ వాళ్లను యోబిన్ అంటారు. నామ్‌దఫా అడవికి అవతల, విజయనగర్ చుట్టుపక్కల వాళ్ల ఊళ్లు. మియావ్ పట్టణం నుంచి అక్కడికి 150 కిలోమీటర్ల పైచిలుకు. బియ్యం, ఉప్పు వీపున మోసుకుని రోజుల తరబడి నడిచిన మనుషులు వాళ్లు.

పూర్వం తమకూ రాత ఉండేదని, చర్మం మీద రాసుకున్నదాన్ని కుక్క తినేసిందని లిసు పెద్దలు ఒక కథ చెబుతారు. ఇప్పటి లిపి 1915 ప్రాంతంలో వచ్చింది. మయన్మార్‌లోని కరెన్ జాతికి చెందిన సారా బా థా, బ్రిటిష్ మిషనరీ జేమ్స్ ఫ్రేజర్ కలిసి తయారుచేశారు. అచ్చు వేయడానికి కొత్త అచ్చుదిమ్మలు పోతపోయాల్సిన పనిలేదు, ఉన్నవాటినే తిప్పి పేర్చుకుంటే సరిపోతుంది. తిప్పినా అలాగే ఉండే 'ఎస్', 'జెడ్' లాంటి వాటికి మాత్రం జోడీ లేదు. ఇంకో సంగతి మనకు బాగా దగ్గర: హల్లు పక్కన ఏ అచ్చూ లేకపోతే 'అ' ఉన్నట్టే చదువుకోవాలి. రూపం రోమన్, నడక మన 'క' గుణింతానిది.

ఈ కథలో నాకు ఎక్కువ ఇష్టమైన మనిషి వాంగ్ రెన్‌బో. యునాన్‌లోని వెయ్‌షీ కొండల్లో లిసు రైతు. 1920లలో, మిషనరీలతో సంబంధం లేకుండా, పలికే ఒక్కో ముక్కకు ఒక్కో గుర్తు చొప్పున దాదాపు వెయ్యి గుర్తులు సొంతంగా సృష్టించాడు. ఆకాశానికి పూజ చేసేటప్పుడు పాడే పాత పాటలను వాటితో రాసిపెట్టాడు. ఒక్క మనిషి, అదీ రైతు, తన భాష కోసం ఇంత పని చేశాడంటే దండం పెట్టాలనిపిస్తుంది.

అయితే జనంలో నిలిచింది తలకిందుల అక్షరాలే. చైనా ప్రభుత్వం 1992లో వాటిని గుర్తించింది, 2009లో కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్‌లో చేరాయి. లిసు బర్మీస్‌కు చుట్టమైన భాష. పలికే స్వరం ఎక్కువ తక్కువలైతే మాటకు అర్థమే మారిపోతుంది. ఆ స్వరాలను రాయడానికి చుక్కను, కామాను, వాటి జంటలను వాడుకున్నారు, మొత్తం 6 గుర్తులు. మాట చివర ఒక్క చుక్క ఉంటే గొంతు పైకెత్తి పలకాలి. చుక్క అలా స్వరానికి వెళ్లిపోయింది కాబట్టి, వాక్యం ముగిసిందని చెప్పడానికి లిసులు లెక్కల్లో మనం వాడే 'సమానం' గుర్తు పెడతారు.