పరాయి చెట్లను అడవిలోకి తెచ్చిందెవరు?

పరాయి జాతుల చెట్లు అడవుల్ని ఆక్రమిస్తున్నాయని వినగానే, అవి వాటంతటవే సముద్రాలు దాటి వచ్చాయేమో అనిపిస్తుంది. నిజానికి ఇవాళ పేరుమోసిన జాతుల్లో చాలావాటిని మనుషులే కావాలని తెచ్చి నాటారు. కొన్నింటి విషయంలో తెచ్చినవాళ్ల పేరు, తెచ్చిన ఏడాది, మొదట నాటిన తోట కూడా తెలుసు. వాళ్లు చెప్పిన కారణాలు చూస్తే తప్పుపట్టడానికి ఏమీ కనిపించదు: ఇసుక ఎగరకుండా ఆపాలి, వంటచెరకు కావాలి, తోళ్ల శుద్ధికి బెరడు కావాలి, తోట అందంగా ఉండాలి. ఈ చరిత్ర తెలుసుకోవాలని నేను గట్టిగా అనేది అందుకే, ఇంచుమించు ఇవే కారణాలతో మనం ఇప్పటికీ చెట్లను ఎంచుకుంటున్నాం.

పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవి సంగతే చూడండి. హారిసన్ స్మిత్ అనే అమెరికన్ 1937లో అక్కడి తన తోటలో మికోనియా అనే చెట్టును నాటాడు. దాని సొంత చోటు మధ్య, దక్షిణ అమెరికా అడవులు. చేటంత ఆకులు, పైన ముదురు ఆకుపచ్చ, కింద ఊదారంగు, చూడగానే ఎవరైనా ఇష్టపడే చెట్టు. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ప్రమాదంగా చూడలేదు. ఆలోపు పిట్టలు దాని చిన్న చిన్న పండ్లు తిని గింజల్ని కొండలన్నిటికీ మోసుకుపోయాయి (వాటిలో ఒక పిట్ట జాతి కూడా బయటి నుంచి తెచ్చిందే), గాలి, వాన మిగతా పని చేశాయి. ఎదిగిన ఒక్క చెట్టు ఏడాదిలో లక్షలాది గింజలు రాలుస్తుంది. దీవిలో మూడింట రెండు వంతుల భూమికి అది పాకింది. ఆ పెద్ద ఆకుల నీడలో స్థానిక మొక్కలు మొలకెత్తలేవు. పైగా దాని వేళ్లు లోతుకు పోవు కాబట్టి, నిటారు వాలుల్లో కింద పొదలు చచ్చిపోయాక మట్టిని పట్టి ఉంచేది ఉండదు, కొండచరియలు విరిగిపడతాయి. ప్రపంచంలో మరెక్కడా లేని మొక్కలు కొన్ని డజన్లు ఒక్క తోటమొక్క వల్ల ప్రమాదంలో పడ్డాయి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇలా చెట్లను తరలించడం అంతకు చాలా ముందే మొదలైంది. చైనాలో ఉన్న ఫ్రెంచ్ మతగురువు దాంకార్విల్ 1740ల్లో ఐలాంథస్ అనే చెట్టు గింజల్ని పారిస్‌కు పంపాడు. యూరప్, అమెరికా రెండింటిలోనూ అది ఇప్పుడు పెద్ద తలనొప్పి. కానీ అసలు వేగం వచ్చింది 19వ శతాబ్దంలో. ఒక దేశపు జీవుల్ని ఇంకో దేశానికి అలవాటు చేయడమే పనిగా 1854లో పారిస్‌లో ఒక సంఘం పుట్టింది, తర్వాత బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోనూ అలాంటివి వచ్చాయి. మెల్‌బోర్న్‌లో ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్ అనే వృక్షశాస్త్రవేత్త యూకలిప్టస్ గింజల్ని ఎన్నో దేశాలకు పంపాడు. ఆస్ట్రేలియా అకేసియా చెట్లను దక్షిణాఫ్రికాలో ఇసుక దిబ్బల్ని ఆపడానికి నాటారు. వాటిలో బ్లాక్ వాటిల్ బెరడులోని టానిన్ తోళ్ల పరిశ్రమకు పనికొచ్చింది. మెక్సికో, కరీబియన్ వైపు నుంచి భారతదేశానికి 1870ల్లో వచ్చిన ఒక ముళ్ల చెట్టుకు తెలుగులో సర్కారు తుమ్మ అని పేరు. ఎవరు తెచ్చారో పేరే చెబుతోంది. ఫ్లోరిడాలో చిత్తడి నేలల్ని ఆరబెట్టి పనికొచ్చేలా చేయాలన్న ఆలోచనతో 1930ల్లో ఆస్ట్రేలియా చెట్టు మెలల్యూకా గింజల్ని విమానంలోంచి చల్లారు కూడా. 1970ల్లో సుబాబుల్ వంతు వచ్చింది, దాన్ని అద్భుత వృక్షం అన్నారు.

వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ఒకటే. నాటేవాళ్లు కోరుకున్న గుణాలేంటి? తొందరగా పెరగాలి, చవుడు నేలలోనైనా బతకాలి, చిన్న వయసులోనే కాయాలి, పురుగు పట్టకూడదు. అడవిని మింగే చెట్టుకు ఉండే గుణాలూ అవే. అంటే పొరపాటున చెడ్డ చెట్టు దొరకలేదు, ఎంచుకునే పద్ధతే అలాంటి చెట్టును వెతికి పట్టుకుంది.

బయటి నుంచి వచ్చిన ప్రతి చెట్టూ దోషి అని నేననను. ఎక్కువ శాతం చెట్లు నాటిన చోటే ఉండిపోతాయి. ఏది కదులుతుందో ముందే తెలియకపోవడమే కష్టం. జర్మనీలో బ్రాండెన్‌బర్గ్ ప్రాంతపు రికార్డుల్ని ఇంగో కోవారిక్ అనే శాస్త్రవేత్త పరిశీలించి 1995లో ఒక లెక్క చెప్పాడు: పరాయి చెట్లు అక్కడికి వచ్చాక సొంతంగా వ్యాపించడం మొదలవడానికి సగటున 170 ఏళ్లు పట్టింది. నాటినవాళ్లు, వాళ్ల మనవలు కూడా పోయాక గానీ ఫలితం కనబడదన్నమాట. ఈ ఆలస్యానికి కారణాలున్నాయి. కాసే చెట్లు చాలినన్ని ఉండాలి, గింజలు మోసే పిట్ట దొరకాలి, ముఖ్యంగా అడవిలో సందు దొరకాలి. తుఫాను కూల్చిన చోటో, రోడ్డు వేసిన చోటో, కలప కొట్టిన చోటో వెలుతురు నేల మీద పడుతుంది. టాంజానియాలోని తూర్పు ఉసంబారా కొండల్లో మేసోప్సిస్ చెట్టు కలప కొట్టిన అడవిలోనే జోరుగా పాకింది, గింజల్ని హార్న్‌బిల్ పక్షులు మోశాయి. అందుకే తప్పంతా చెట్టు మీదికి నెట్టేస్తే నేను ఒప్పుకోను, దానికి చాలాసార్లు తలుపు తీసింది గొడ్డలే.

లోపలికి వచ్చాక అది అడవి నియమాల్నే మార్చేస్తుంది. హవాయిలో మొరెల్లా ఫాయా అనే చెట్టు గాలిలోని నత్రజనిని నేలలో చేర్చుతుంది. వినడానికి మంచిదే, కానీ అక్కడి అగ్నిపర్వతపు నేలల్లో నత్రజని తక్కువ, స్థానిక మొక్కలు ఆ పేదరికానికే అలవాటుపడి ఉన్నాయి. నేల బలపడితే లాభం బయటి మొక్కలకే. మెలల్యూకా అయితే మంటను తనకు అనుకూలం చేసుకుంటుంది, ఆకుల్లో నూనె ఉండటంతో మంట భగ్గుమంటుంది, కాలాక కాయలు విచ్చుకుని గింజలు కురుస్తాయి.

ప్రభుత్వాలు మేలుకున్నది ఆలస్యంగానే. 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందంలో ఇలాంటి జాతుల్ని అడ్డుకోవాలన్న మాట చేరింది. 1995లో దక్షిణాఫ్రికా నీటి వనరుల్ని కాపాడటానికి, పేదలకు పని కల్పించడానికి పరాయి చెట్లు నరికే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. ఫ్లోరిడాలో 1997లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన ముక్కు పురుగును మెలల్యూకా మీదికి వదిలారు. తాహితీలో 2000లో మికోనియాకు తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని వదిలారు. దానివల్ల చెట్లు చావలేదు గానీ ఆకులకు చిల్లులు పడి కిందికి కాస్త వెలుతురు దిగింది, ఆ వెలుతురులో స్థానిక మొక్కల మొలకలు మళ్లీ కనిపించాయి.

నరకడం ఒక్కసారితో తీరే పని కాదు. బ్లాక్ వాటిల్ గింజలు నేలలో దశాబ్దాల పాటు చావకుండా ఉంటాయి, మంట తగిలితే ఒక్కసారే గుంపుగా మొలుస్తాయి. అందుకే నరికిన కొండ మీదికే కూలీలు ఏడాది తర్వాత ఒకసారి, ఆ తర్వాత మరోసారి, మొలకలు పీకడానికి తిరిగి ఎక్కుతున్నారు.